మా వాకిట్లో పారిజాతం

పారిజాతం అందం చూడాలంటే కోడి కూసే వేళకు లేవాలి. అప్పటికి చెట్టు కింద నేలంతా తెల్లగా పరుచుకుని ఉంటుంది. ఒక్కో పువ్వుకు అయిదు మొదలు ఎనిమిది దాకా తెల్లని రేకులుంటవి. పిల్లలు కాగితంతో చేసుకునే గాలిచక్రంలాగా అవన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉంటవి. కాడ మాత్రం పగడం రంగు. అందుకే దీన్ని పగడమల్లె అని కూడా అంటారు. పొద్దెక్కిన తరవాత వెళితే మాత్రం చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నేల మీద పూలు వాడి ముద్దలైపోతవి. చెట్టు మీద ఒక్క పువ్వూ మిగలదు.

ఇంత సుకుమారమైన పూలు పూసే చెట్టుకు ఏటా ఒక గండం ఉంది. అది వేసవిలో వస్తుంది. పారిజాతం ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ రాల్చేసి, వట్టి పుల్లలతో నిలబడుతుంది. తెలియనివాళ్లు చూసి, "అయ్యో, చచ్చిపోయింది" అనుకుని గొడ్డలి తీస్తారు. మా ఇంట్లోనూ ఒకసారి అంతపనీ కాబోయింది.

మా ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఉన్నది. అప్పుడది ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మా ఇంటి వెనక రెండు చెలకలు దాటితే గుట్ట మొదలవుతుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, అన్నీ ఆకు రాల్చే జాతులే. మాఘమాసం నుంచి మొదలు పెట్టి ఒక్కొక్క చెట్టే ఆకు విడుస్తుంది. భద్రాచలంలో శ్రీరామనవమికి కల్యాణం చూడవచ్చే యాత్రికులు బస్సు కిటికీలోంచి చూసి, "ఈ అడవంతా ఇట్లా ఎండిపోయిందేమిటి?" అని అడుగుతుంటారు. అదే మనుషులు శ్రావణంలో వస్తే ఆ అడవిని గుర్తు పట్టలేరు. ఎదురుగా పది బారల దూరాన ఉన్న మనిషి కూడా ఆ ఆకుల్లో కనిపించడు.

పారిజాతం తోటల్లో పెంచే మొక్క అనీ, ఊళ్లలోనే ఉంటుందనీ మనం అనుకుంటాం. నిజానికి అది కూడా ఇటువంటి అడవి పిల్లే. అది తనంతట తాను మొలిచే చోట్లు చెబుతూ వృక్షశాస్త్ర గ్రంథాలు హిమాలయాల పాదాల దగ్గర మొదలుపెట్టి, మధ్యభారతం మీదుగా దక్షిణాన గోదావరి దాకా అని రాసినవి. గోదావరి దాకా అంటే మా దాకా అన్నమాట! ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకెంత సంబరమయిందో చెప్పలేను. దేవలోకం నుంచి వచ్చిందని కథల్లో విన్న చెట్టుకు మా గుట్టలతో చుట్టరికం ఉన్నదని తేలింది గదా!

ఇక మా మొక్క సంగతి. దాన్ని వేసింది మా అక్క. 1978లో భద్రాచలంలో ఉండే మా మేనత్త, చీర కొంగున ముడి వేసి కొన్ని పారిజాతం కాయలు తెచ్చింది. ఆ కాయలు చూడటానికి గోధుమరంగు బిళ్లల్లాగా, పలచగా, అణాకాసంత ఉంటవి. విప్పితే రెండు అరలు, అరకొక్క గింజ. అక్క పది గింజలు తీసి, అడుగున చిల్లిపడిన పాత కుండలో ఎర్రమట్టీ, కొంచెం ఇసుకా, చివికిన పశువుల ఎరువూ కలిపి, వేలిగోరంత లోతున నాటింది. మూడు వారాలదాకా ఏ అలికిడీ లేదు. నేను ఆశ వదిలేశాను. ఆమె వదల్లేదు. చివరికి నాలుగు మొలిచినవి. వాటిలో ఒకటి కోడి పొడిచేసింది. రెంటిని ఇరుగుపొరుగుకు ఇచ్చింది. నాలుగోది మా వాకిట్లో, మూరెడు గొయ్యి తీసి పెట్టింది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప కట్టింది.

చోటు ఎంచటంలో అక్క తెలివిని మెచ్చుకోవాలి. ఈ మొక్కకు కనీసం సగం రోజు ఎండ తగలాలి. నీళ్లు నిలవకూడదు, నిలిస్తే వేళ్లు కుళ్లుతవి. కాబట్టి బావి గట్టు పక్కన వద్దన్నది. ఇవి అందరూ చెప్పే మాటలే. ఆమె మరో సంగతి కూడా ఆలోచించింది. పూలు నేల మీద పడేవి గనక, రోజూ అలికి ముగ్గు వేసే చోట, కాలిబాటకు ఎడంగా చెట్టు ఉండాలన్నది. పూలు కోసుకునే చెట్టును ఎక్కడ పెట్టినా ఫరవాలేదు గాని, ఏరుకునే చెట్టుకు కింద శుభ్రమైన నేల కావాలి గదా!

మొదటి రెండు వేసవుల్లో అక్క అంట్లు కడిగిన నీళ్లు మొక్కకు పోసేది. అంచేత ఆకులు పసుపు పడ్డా, సగమైనా నిలిచేవి. 1980లో దసరా నాటికి గుప్పెడు పూలు పూసింది. మరుసటి ఏడు వైశాఖంలో అక్కకు పెళ్లి కుదిరింది. బావిలో నీళ్లు అడుగంటినవి. ఉన్న నీళ్లు చుట్టాలకూ, వంటలకే చాలలేదు. ఇక మొక్కను పట్టించుకునే వారెవరు? వారం తిరిగేసరికి ఒక్క ఆకు లేకుండా రాలిపోయింది. నిలువెత్తు పుల్లలు మిగిలినవి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆకులు ఎందుకు రాలుతవో చెప్పుకోవాలి.

ఆకుల అడుగువైపున కంటికి కనపడని సన్నని రంధ్రాలు వేలకు వేలు ఉంటవి. వాటిని పత్రరంధ్రాలంటారు. చెట్టు గాలి పీల్చేది వాటిగుండానే, లోపలి నీరు ఆవిరిగా పోయేదీ వాటిగుండానే. ఈ నీరు పోవటాన్ని మీ సైన్సు పుస్తకంలో బాష్పోత్సేకం అని రాసి ఉంటారు. కావాలంటే ఏదైనా మొక్క తీసుకుని ఒక కొమ్మకు, ఆకులతో సహా పలచని ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి దారంతో కట్టి ఎండలో ఉంచండి. రెండు మూడు గంటల్లో సంచి లోపల నీటి బొట్లు కనిపిస్తవి. అది ఆ చెట్టు వేళ్లతో తోడిన నీళ్లే.

నేలలో తడి ఉన్నంత కాలం ఈ ఖర్చుకు చింత లేదు. ఎండాకాలం నేల ఎండితే రాబడి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. అప్పుడు చెట్టు ఇల్లు సర్దే గృహిణిలాగా పని మొదలు పెడుతుంది. ముందు ఆకులో ఉన్న పత్రహరితాన్ని విడగొట్టి, పనికివచ్చే సారాన్ని కొమ్మలోకి లాగేసుకుంటుంది. ఆకు పసుపు పడేది అందుకే. తరవాత తొడిమ మొదట్లో బెండులాంటి సన్నని పొర ఒకటి ఏర్పడుతుంది. ఇక చిన్న గాలికైనా ఆకు ఊడిపోతుంది, ఊడిన చోట గాయం మాత్రం ఉండదు. ముందే పూడి ఉంటుంది. వచ్చే వానలకు చిగురించవలసిన మొగ్గలు కణుపుల దగ్గర గట్టి పొలుసులు కప్పుకుని, ఆవగింజంత ముడుచుకుని కూర్చుంటవి.

చచ్చిన కొమ్మా ఇట్లాగే ఉంటుంది, నిద్రపోయే కొమ్మా ఇట్లాగే ఉంటుంది. చూపుకు తేడా లేదు. అక్కడే వచ్చింది మా ఇంట్లో చిక్కు.

పెళ్లి నాలుగు రోజులుందనగా పందిరి వేసేవాళ్లు గుంజలు తెచ్చి వాకిట్లో పడవేశారు. ఒక గుంజ పడవలసిన చోటికి అడుగు దూరంలో ఈ మోడు నిలబడి ఉన్నది. మా పెదనాన్న ఇంటికి పెద్ద. ఆయన మాటకు ఎదురు లేదు. "పెళ్లింటి ముందర ఎండిపోయిన మోడేందిరా? చూసినవాళ్లు ఏమనుకుంటరు? పీకి అవతల పారేయండి" అన్నాడు. శుభకార్యం జరిగే ఇంట ఎండుకొమ్మ కంటబడితే కీడని ఆయన నమ్మకం. అమ్మ ఏమీ అనలేదు. అక్క గడప లోపల నిలబడి వింటున్నది. పెళ్లికూతురు పెద్దల ముందుకు వచ్చి, "నా మొక్కను తీయవద్దు" అని అనగల రోజులు కావవి. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది. నేను పదేళ్ల వాణ్ణి. నా మాట ఎవరు వింటారు?

పందిరివాళ్లలో ఒకడు గడ్డపార తీశాడు.

సరిగ్గా అప్పుడే అడ్డాకుల విస్తళ్లు తెచ్చిన కోయ అవ్వ వాకిట్లోకి వచ్చింది. మా వైపు పెళ్లిళ్లకు అడ్డాకు విస్తళ్లే. గూడెం నుంచి కట్టలు కట్టలుగా తెచ్చి ఇచ్చేవారు. అవ్వ నెత్తి మీది మోపు దించి, చెమట తుడుచుకుని, "మంచి చెట్టును ఎందుకు తీస్తున్నరయ్యా?" అని అడిగింది.

"ఎండిపోయింది గదమ్మా" అన్నాడు పెదనాన్న.

అవ్వ జవాబు చెప్పలేదు. దగ్గరకు పోయి, ఒక కొమ్మ పట్టుకుని బొటనవేలి గోటితో గోధుమ గింజంత మేర బెరడు గీకింది. లోపల లేత పచ్చగా, తడిగా ఉన్నది. అదే చెట్టుకు చివరన ఉన్న మరో పుల్లను విరిచింది. అది పుటుక్కున విరిగింది; లోపల వట్టి ఎండు. "ఈ పుల్ల చచ్చింది. చెట్టు చావలే. పండుకున్నది. వాన పడితే తనే లేస్తది. గుట్ట మీద చెట్లన్నీ ఇట్లనే ఉన్నయి గదయ్యా, వాటినన్నిటినీ పీకిపిస్తవా?" అన్నది.

పందిరివాళ్లు పకపకా నవ్వారు. పెదనాన్నకూ నవ్వొచ్చింది. ఆయన మొండివాడే గాని అన్యాయం మనిషి కాడు. స్వయంగా వంగి గీకిన చోటు చూశాడు. వేలితో తడిమాడు. "సరే, గుంజ రెండడుగులు అవతలికి జరపండి" అన్నాడు. అయితే మోడు కనపడటం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. అంచేత మామిడాకుల తోరణం ఒకటి తెచ్చి దానికే చుట్టించాడు. పెళ్లిలో చాలామంది దాన్ని మామిడి మొక్క అనుకున్నారు!

అక్క అత్తవారింటికి పోయింది. రోహిణీకార్తె ఎండలు కాసినవి. నేను రోజూ బడి లేని వేళల్లో మొక్క చుట్టూ తిరిగేవాణ్ణి. మృగశిర వచ్చింది. రెండు వానలు పడ్డ తరవాత ఒకనాటి పొద్దున కణుపు కణుపుకూ ఎదురెదురుగా రెండేసి చిగుళ్లు కనిపించినవి. పారిజాతం ఆకులు ఎప్పుడూ అట్లా జంటలుగానే వస్తవి. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూస్తే గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. ముదిరిన ఆకును తడిమితే గరుకు కాగితంలాగా ఉంటుంది. ఈ ఆకులతో కొయ్యనూ దంతాన్నీ నునుపుచేసేవారట. నేను నా పలక చట్రం మీద రుద్ది చూశాను. బాగానే పనిచేసింది.

ఆ ఏడు వానాకాలం చివర అది పూసిన పూత మరి నేను చూడలేదు. పడమట పొద్దు వాలుతుంటే మొగ్గలు విచ్చుకోవటం మొదలయ్యేది. చీకటి పడేసరికి వాసన వీధి మలుపుదాకా వచ్చేది. తెల్లని రంగు చీకట్లోనూ కనిపిస్తుంది, వాసన దూరం పోతుంది, తేనె పొడుగాటి కాడ అడుగున ఉంటుంది. ఇవన్నీ రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల కోసం చేసిన ఏర్పాట్లు. తెల్లవారేసరికి రాత్రిబేరం ముగుస్తుంది. దుకాణం కట్టేసినట్టు పూలన్నీ జలజలా రాలుతవి. మా అడవిలో ఇప్పపువ్వుదీ ఇదే పద్ధతి. ఎండాకాలం తెల్లవారుజామున గూడెం పిల్లలు బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుతుంటారు. అందుకేనేమో, మా వైపు వాళ్లకు కింద పడ్డ పువ్వు మీద చిన్నచూపు లేదు. పూజకు నేల రాలిన పువ్వు పనికిరాదంటారు గదా, పారిజాతానికి మాత్రం ఆ నియమం లేదు.

బతుకమ్మ పండక్కు అక్క పుట్టింటికి వచ్చింది. వచ్చిన మరునాడు నాకంటే ముందే లేచింది. నేను కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి చెట్టు కింద ముగ్గు కనపడటం లేదు, అంతా పూలే. అక్క వాటిని తొక్కకుండా అంచున గొంతుక్కూచుని ఒక్కొక్కటే ఏరి తెల్లబట్టలో వేస్తున్నది. బతుకమ్మలోకి తంగేడూ, గునుగూ తెచ్చారు గాని పారిజాతాలు పెట్టలేదు. అంత సుకుమారపు పువ్వు ఆ పేర్పులో నలిగిపోతుంది. అక్క కాడలన్నీ గిల్లి నీడన ఆరబెట్టింది. పండగ అయ్యాక వాటిని వేడినీళ్లలో నానబెడితే నీళ్లు కాషాయం రంగుకు తిరిగినవి. ఒక జేబురుమాలు ముంచి నాకు ఇచ్చింది. కుంకుమపువ్వులో ఉండే రంగూ, ఈ కాడల్లోని రంగూ ఒకే జాతివి. పూర్వం పట్టుబట్టలకూ, బౌద్ధభిక్షువుల వస్త్రాలకూ ఈ రంగు వేసేవారు. కాని ఎండకు వెలిసిపోతుంది. నా రుమాలు సంక్రాంతి నాటికి మళ్లీ తెల్లగుడ్డే. మీరూ చేసి చూడవచ్చు. వేడినీళ్ల పని గనక అమ్మను దగ్గరుంచుకోండి. ఆకు కషాయం కీళ్లనొప్పులకు మంచిదని పెద్దలు వాడతారు గాని, అది వైద్యుణ్ణి అడగకుండా చేసే ప్రయోగం కాదు.

ఈ చెట్టుకు దేశమంతటా ముద్దుపేర్లున్నవి. తమిళులు పవళమల్లి అంటారు, హిందీవారు హరసింగార్ అంటారు, బెంగాలీలు శిఉలి అంటారు. పశ్చిమబెంగాల్ రాష్ట్రపుష్పం అదే. పాశ్చాత్యులు మాత్రం ఎందుకో ఏడుపు పేరు పెట్టారు. 1563లో గోవాలో అచ్చయిన తన గ్రంథంలో గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు దీన్ని "దుఃఖవృక్షం" అన్నాడు. 1753లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అదే మాటను లాటిన్‌లో ఉంచి, "నిక్టాంథిస్ ఆర్బర్ ట్రిస్టిస్" అని శాస్త్రీయనామం స్థిరపరిచాడు. నిక్టాంథిస్ అంటే రాత్రిపువ్వు. సూర్యుణ్ణి వలచి, అతను విడిచిపెడితే దుఃఖంతో దహించుకుపోయిన రాజకుమారి బూడిదలోంచి ఈ చెట్టు మొలిచిందనీ, అందుకే సూర్యుడి ముఖం చూడలేక పూలు రాలుస్తుందనీ ఒక కథ ఉన్నది. మన కథలో శ్రీకృష్ణుడు సత్యభామ కోసం దేవలోకం నుంచి పారిజాతాన్ని పెకలించుకు వచ్చాడు. రాయలవారి కొలువులో నంది తిమ్మన దాని మీద ఏకంగా కావ్యమే రాశాడు. రెంటిలో నాకు మన కథే నచ్చుతుంది. అందులో చెట్టు కోసం దెబ్బలాడతారు! ఇంకో మాట. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా కింతూరులో పారిజాతమని చూపించే మహావృక్షం ఇది కాదు. అది ఆఫ్రికా జాతి బావోబాబ్.

పూత అయిపోయాక, చలికాలం చివర కొమ్మల్ని మూడోవంతు కత్తిరిస్తే మంచిది. పూలు వచ్చేది కొత్త రెమ్మల చివర్ల మీద. కొత్త రెమ్మలు ఎన్ని వస్తే అన్ని పూలు. ఈ పని మాకు నేర్పింది మా నాన్న. ఆయన కొన్నేళ్లు తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టే పని చేశాడు. కట్టకు యాభై ఆకులు. బీడీల కోసం లేత ఆకు దండిగా రావాలని ఎండాకాలం ముందే తునికి పొదలను కొట్టిస్తారు. తునికికి పనికొచ్చిన మంత్రం పారిజాతానికెందుకు పనికిరాదని ఆయన వాదన. ఆయన చెప్పినట్టే అయింది.

అక్క ఆ చలికాలం కాయలు ముదరగానే కొన్ని గింజలు మణుగూరు పట్టుకుపోయింది. అక్కడ వాళ్ల పెరట్లో రెండు చెట్లయినవి. అదీ మంచిదే అయింది. ఎందుకంటే చాలా ఏళ్ల తరవాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వాకిలి సగం పోయింది, చెట్టూ పోయింది. ఇప్పుడు మా కొత్త ఇంటి ముందున్నది మణుగూరు గింజకు పుట్టిన మొక్క. వరసకు అది పాతదానికి మనవరాలు కావాలి.

మా మనవరాలు మూడో తరగతి చదువుతున్నది. ఎండలు వచ్చి మొక్క ఆకులు రాల్చగానే దానికి కోయ అవ్వ కథ చెప్పి, గోటితో గీకి పచ్చదనం చూపించాను. బాగా అర్థమయిందన్నది. మరునాడు చూస్తే మొక్క ఒంటినిండా గీతలే! రోజూ పొద్దున లేచి, ఇంకా బతికే ఉన్నదా అని ఒక్కో కొమ్మ గీకి చూస్తున్నదట. ఏడాదికి ఒక్కసారి, ఒక్కచోట, గోధుమ గింజంత గీకితే చాలుననీ, ఇట్లా చేస్తే నిజంగానే చస్తుందనీ నచ్చచెప్పేసరికి నాకు తలప్రాణం తోకకు వచ్చింది. ఇప్పుడు గీకటం మానేసింది. గేటు పక్కన పంచాంగం తగిలించి, మృగశిర ఎన్ని రోజులుందో లెక్కపెడుతున్నది.